గడప తీసిన ఇల్లు

మా ఇంటికి వస్తున్నామని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట చేసే పని టీ నీళ్లు పెట్టడం కాదు, హాల్లో సోఫా కవర్లు సర్దడమూ కాదు. వెనకవైపు ఉన్న మా అమ్మ గది తలుపు దగ్గరగా వేసి, హాల్లో ఒక ఊదుబత్తి వెలిగించడం. బాన్సువాడలో కొత్తగా లేచిన కాలనీలో మాది రెండంతస్తుల ఇల్లు. కిందా పైనా తెల్లగా మెరిసే టైల్స్, మెట్లకు నల్ల గ్రానైటు, గేటుకు బంగారు రంగు పూత. అంత ఇంట్లోనూ ఒక్క మా అమ్మ గదికి మాత్రం నేల మట్టిది. ఎర్రమన్ను పోయించి, నీళ్లు చల్లించి, దిమ్మిసతో కొట్టించి చదును చేయించుకుంది. వారం వారం ఎక్కణ్ణుంచో పేడ తెప్పించుకుని తన చేత్తో తనే అలుకుతుంది. ఆ అలుకు ఆరుతున్నప్పుడు లేచే వాసన, తడిమన్నూ పేడా కలిసిన వాసన, టైల్స్ మీదుగా హాల్లోకి పాకి, సోఫాల్లో కూర్చున్న, నాతో పనిచేసే మా స్కూలు టీచర్ల ముక్కులకు తగులుతుందేమోనని నా ప్రాణం గిలగిల్లాడుతుంటుంది. ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా ఆ గది దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు, ఎందుకంటే మా అమ్మ దానికి గడప కూడా వద్దంది. "మోకాళ్లు లేస్తలేవు, కాలు తట్టుకుంటది" అని అతనికి చెప్పింది గానీ అసలు సంగతి నాకు తెలుసు. తెలిసే సిగ్గుపడ్డాను.

మేము దూదేకులవాళ్లం. పేర్లు మస్తానని, మౌలమ్మని ఉంటాయి. ఇంట్లో మాట తెలుగు. మా తాత ఏకే విల్లు భుజాన వేసుకుని కోటగిరి నుంచి పిట్లం దాకా ఊరూరా తిరిగి, పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడట. దుకాణాల్లో కుట్టిన పరుపులు వచ్చాక మా నాయిన ఆ విల్లును అటకెక్కించి, ఒక తెల్ల గుర్రాన్ని కొన్నాడు. పెళ్లిళ్ల గుర్రం. పేరు మోతి. అప్పట్లో మా ఇల్లు బస్టాండు నుంచి కోటగిరి పోయే రోడ్డు పక్కన ఉండేది. ఇల్లంటే ఒకటే అర్ర, పైన పెంకులు, కింద అలికిన మట్టినేల, ముందు మూడు వైపులా తెరిచి ఉన్న రేకుల సాయబాను. అర్రలో మేము ముగ్గురం, సాయబాను కింద మోతి.

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మా వాకిలంతా సందడి. మధ్యాహ్నం నుంచే మా నాయిన మోతికి స్నానం చేయించి, తోకను పెరుగూ కుంకుడురసమూ పెట్టి కడిగి, మెడ మీది జూలుకు కొబ్బరినూనె రాసి చిన్న చిన్న జడలల్లి పూసలు కట్టేవాడు. మా అమ్మ గోరింటాకు నూరి దాని గిట్టల పైన పట్టీలా పెట్టి, మిగిలింది నా అరచేతిలో పెట్టేది కాబట్టి ఎండాకాలమంతా నా చేతులదీ గుర్రం కాళ్లదీ ఒకటే రంగు. ఇనపసందుగలోంచి అద్దాలు కుట్టిన ఎర్ర ముఖమలు గుడ్డ తీస్తే కలరా ఉండలూ, అత్తరూ, పాత చెమటా కలిసిన వాసన గుప్పుమనేది. ఇప్పటికీ ఏ పెళ్లి పట్టుచీర మడత విప్పినా నాకు ఆ గుడ్డే గుర్తుకొస్తుంది. నాయిన తలకు జరీ రుమాలు చుట్టుకుని మోతి కళ్లెం పట్టుకుంటే, మామూలప్పుడు వంగి నడిచే మనిషి కాస్తా నిటారుగా అయిపోయేవాడు. తెల్లారి నేను లేచేసరికి తలాపున స్టీలు టిఫినులో బగారన్నం, దాల్చా, ఒక లడ్డూ ఉండేవి. ఆ బగారన్నం చల్లారిపోయి, నెయ్యి గడ్డకట్టి, లవంగం పంటికింద పడి, ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను.

పీర్ల పండగ వస్తే మోతి ఇంకోలా ఉండేది. పూసలు లేవు, గోరింటాకు లేదు. ఒంటి మీద తెల్ల గుడ్డ కప్పి, పీర్ల ముందు నడిపించేవాళ్లు. హిందువుల ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి దాని కాళ్ల మీద పోసేవాళ్లు, పిల్లల్ని దాని కడుపు కింది నుంచి దాటించేవాళ్లు, దడుపు పోతుందని. రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్ద నాకు ఒకటి దొరికితే, దానికి మూడు దొరికేవి. "మోతిని ఎక్కని పెండ్లికొడుకు ఉన్నడా ఈ ఊర్ల? ఊరంత మనోళ్లే" అనేవాడు మా నాయిన. ఏ ఇంటి ముందు నుంచి పోయినా, ఆ ఇంటి పెళ్లికొడుకును ఎప్పుడు ఎక్కించిందీ, దారిలో వాన పడిందీ లేనిదీ చెప్పేవాడు. నేనూ నమ్మాను, ఊరంతా మనవాళ్లేనని.

నా నాలుగో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో, ఊళ్లోని పెద్ద రైసుమిల్లు సేటు కొడుకు పెళ్లయింది. అంత ఊరేగింపు అంతకు ముందు లేదు. ముందు బ్యాండు, వెనక జనరేటరు బండి, పక్కల తలల మీద ట్యూబులైట్లు మోసే ఆడవాళ్లు, మధ్యలో మోతి మీద పెళ్లికొడుకు. సాయంత్రం బజారులో మలుపు తిరిగేచోట పెళ్లికొడుకు దోస్తులు ఎర్ర పటాకుల చాప ఒకటి పరిచి, సరిగ్గా మోతి కాళ్ల ముందు ముట్టించారు. మోతి బెదిరే గుర్రం కాదు. కానీ ఆ రోజు ఒక్క అడుగు పక్కకు వేసింది, ఆ పక్కన మోరీ మీద బండ పగిలి ఉంది, ముందుకాలు ఆ సందులో దిగిపోయింది. పెళ్లికొడుకును నలుగురూ అందుకుని దించారు, అతనికి గోరంత దెబ్బ తగల్లేదు. ముహూర్తం దగ్గరపడుతోందని అతణ్ణి కారులో కూర్చోబెట్టుకున్నారు, బ్యాండు మళ్లీ మొదలైంది, ఊరేగింపు ముందుకు పోయింది. మా నాయిన ఒక్కడు ముఖమలు గుడ్డ తీసి భుజాన వేసుకుని, మూడు కాళ్ల మీద నడుస్తున్న మోతిని ఇంటికి తీసుకొచ్చాడు. తెల్లారి నా తలాపున బగారన్నం లేదు.

పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చి, మోకాలి కింద తడిమి, కట్టుకట్టి, మా నాయిన్ని పక్కకు పిలిచాడు. "బొక్క చిట్లింది మస్తాన్, ఇరగలే. గిప్పుడు మందు కాదు ముఖ్యం, జాగ. కట్టేస్తే గుంజుకుంటది, ఇడిసిపెడితే ఉరుకుతది. నాలుగు గోడలుండాలె, మీద కప్పుండాలె, కింద సిమెంటు కాదు, మట్టి నేలుండాలె, దాని మీద ఊక పొయ్యాలె. బయటి చప్పుడు దానికి వినపడొద్దు. వానలు తగ్గేదాంక గట్ల ఒక్కజాగల ఉంటే అతుక్కుంటది. లేకుంటే ఒకనాడు పటుక్కుమంటది. ఇగ అప్పుడు నా చేతుల లేదు."

"జాగకేం ఫికర్ సార్, ఊరంత మనోళ్లే" అన్నాడు మా నాయిన. సాయబాను కింద, పది అడుగుల దూరంలో బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతుంటే, ఒక్కో హారన్‌కు మోతి ఒళ్లంతా వణికి ఆ కాలు నేలకు ఆనేది.

మొదట మిల్లుకే పోయాం. యాసంగి వడ్లు మరపట్టి పంపేయడంతో మిల్లు వెనక పాత గోదాం ఖాళీగా ఉందని ఊరందరికీ తెలుసు. గోడలు ఎత్తు, నేల మట్టి, పక్కనే కొండంత ఊక కుప్ప. సెలవుల్లో మేం పిల్లలం ఆ కుప్ప మీద నుంచే జారేవాళ్లం, జారి ఒళ్లంతా దురదపెట్టి ఏడ్చుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లం. అడగడానికి వచ్చినవాడు వచ్చీరాగానే అడగకూడదనేది మా నాయిన మర్యాద. నిజాంసాగర్‌లో నీళ్ల గురించి మాట్లాడాడు, కొత్తకోడలు లక్ష్మిలా ఉందన్నాడు, వడ్ల ధర గురించి ఆయన చెప్తే తల ఊపాడు, తెప్పించిన టీ తాగాడు. ఇక లేస్తాం అన్నప్పుడు, ఏదో మరిచిపోయిన సంగతి గుర్తొచ్చినట్టు, చేతులు కట్టుకుని అన్నాడు: "సేటు, ఎనక గోదాంల మోతికి జర జాగ ఇస్తే..." మోతి ముందు నిటారుగా నడిచే మనిషి ఒకరి ముందు అలా చేతులు కట్టుకుని నిలబడటం నేను చూడటం అదే మొదలు. నా చేతిలో సేటు ఇచ్చిన బిస్కెట్లున్నాయి. వాటిని తినాలో వద్దో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

సేటు చెడ్డవాడు కాదు. ముఖం కూడా నిజంగానే బాధగా పెట్టాడు. "మన పెండ్లిలనే గద దెబ్బ తాకె పాపం. నా ఒక్కనితోటి అయ్యేదుంటే ఇప్పుడే తాళంచెవి ఇద్దును మస్తాన్. ఇంట్లోళ్లను అడిగి చెప్త" అన్నాడు.

మా నాయిన సంతోషంగా ఇంటికొచ్చాడు. అదే ఆయన చేసిన పొరపాటు, గుర్రంవాడు మాత్రమే చేయగల పొరపాటు. పెళ్లిళ్లకు గుర్రం మాట్లాడుకునే ప్రతివాళ్లూ ఆ మాటే అంటారు. ఇంట్లోవాళ్లను అడిగి చెప్తామంటారు, మర్నాడో ఆ మర్నాడో స్కూటరు మీద ఎవరో వచ్చి తారీఖు చెప్పి పోతారు. ఆయన జీవితంలో ఆ మాట అవునుగానే మారింది ఎప్పుడూ. అందుకే సాయబాను స్తంభానికి ఆనుకుని, రోడ్డు మీద స్కూటరు చప్పుడు వినపడ్డప్పుడల్లా లేచి నిలబడుతూ, ఎదురుచూశాడు. "చెప్పి పంపుతరు" అనేవాడు. మా అమ్మ రొట్టెలు చేస్తూ తలెత్తకుండా, "ఆఁ పంపుతరు" అనేది. కొత్తకోడలు అడుగుపెట్టిన ఇంట్లోకి, పెళ్లిలో పడ్డ గుర్రాన్ని తెస్తారా అని సేటు ఇంట్లో ఆడవాళ్లు అన్నారని మిల్లు హమాలీల ద్వారా ఊరందరికీ తెలిసింది. మా అమ్మకూ తెలిసింది. మా నాయినకు మాత్రం ఆమె చెప్పలేదు.

ఈలోగా మిరుగు వచ్చేసింది. మృగశిర కార్తె మొదలైన రోజున ఇంగువ కలిపిన బెల్లం ఉండ ఇంటిల్లిపాదీ మింగాలి కదా, మా అమ్మ నాకొకటి, నాయినకొకటి, మోతికి కాస్త పెద్దది చేసింది. ఆ సాయంత్రమే వాన దిగింది. సాయబాను మూడు వైపుల నుంచీ జల్లు కొట్టి కింద బురదైంది. మోతి కట్టు తడిసింది, కాలు వాచింది. అప్పుడిక మా నాయిన ఎదురుచూడటం మాని, వర్ని బస్సెక్కాడు, నన్నూ తీసుకుని.

వర్ని పక్క పల్లెలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు ఒకాయన, ఇద్దరు కొడుకులనూ మోతి మీద ఊరేగించినవాడు. వాళ్ల పశువుల కొట్టం అంతకుముందు నేను చూశాను. నల్లటి తడినేల, గడ్డివాసన, జత ఎడ్ల ఊపిరి. మేం పోయేసరికి అక్కడ ఎర్ర ట్రాక్టరు ఉంది. ఆయన మాకు అన్నం పెట్టించి, గోంగూర పచ్చడి మళ్లీ మళ్లీ వడ్డించి, చేతులు కడుక్కుంటుండగా అన్నాడు. "ఏమనుకోకు మస్తానూ. ఎడ్లమ్మేశాక కొట్టమంతా గచ్చు చేయించేశాం గదా. గచ్చు మీద గుర్రం కాలు నిలవదు. పోనీ మట్టి పోయిద్దామంటే, బండెక్కడ పెట్టను? తడిస్తే పాడైపోద్ది." అబద్ధం లేదు అందులో. తిరిగి వస్తూ దారంతా చూశాను. ఊరూరా కొట్టాల్లో ట్రాక్టర్లూ, మోటారుసైకిళ్లూ, ఎరువుల బస్తాలూ ఉన్నాయి, అన్నిటి కిందా సిమెంటు ఉంది. ఆ చల్లటి మట్టినేలలు ఎప్పుడు పోయాయో, అవి అవసరమయ్యేదాకా మాకు తెలియనే లేదు. ఊళ్లో దిగాక మా నాయిన పీర్ల చావిడి ముందు ఒక్క నిమిషం ఆగాడు. నాలుగు గోడలు, మట్టినేల, పండగ దాకా తాళం. ఆగి, సలాం పెట్టి, ఏమీ అడగకుండా నడిచాడు. అడిగితే ఇచ్చేవాళ్లేమో. కానీ సాములుండే చోట లద్దె వేయించడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ అర్రలోని సామాను ఒక్కటొక్కటే బయటికి తెచ్చి సాయబానులో పెడుతోంది. బియ్యం డబ్బా వచ్చింది, ఇనపసందుగ వచ్చింది, బొంతలు వచ్చాయి, నా పుస్తకాల సంచి వచ్చింది.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు నాయిన.

"లోపటికి తోలు" అంది అమ్మ.

"ఇంట్లకా? గుర్రాన్నా?"

"మరి ఎవలింట్లకు తోలుతవ్? ఊరంత తిరిగొస్తివి గద. మట్టి నేల నాది గాదా? నాలుగు గోడలు నావి గావా?"

అప్పుడు గడప అడ్డం వచ్చింది. మా ఇంటి గడప పాతకాలపు టేకు దుంగ, నా మోకాలంత ఎత్తు. శుక్రవారం శుక్రవారం మా అమ్మ దానికి పసుపు రాసేది. నేను దాని మీద కాలు పెడితే వీపు మోగేది. మోతి ఆ కాలితో దాన్ని దాటలేదు. నాయిన గడప వంకా, అమ్మ వంకా చూస్తూ నిలబడ్డాడు. గడప తీయాలని ఆయన నోటితో అనలేని ఆ మాటను మా అమ్మే తేల్చేసింది. మూలనున్న గడ్డపార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పసుపు రాసిన గడప వానలో మట్టితో సహా పెకలి బయటికి వస్తుంటే, రోడ్డు మీద పోయేవాళ్లు గొడుగుల కింద ఆగి చూశారు. ఇంటికి గడప తీస్తారా ఎవరైనా అని ఎవరో అన్నది నాకు వినిపించింది. నేను స్తంభం వెనక దాక్కున్నాను.

అలా గుర్రం ఇంట్లోకీ, మేము గుర్రం జాగలోకీ మారాం. ఆ వానాకాలమంతా మేము చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కట్టుకున్న సాయబానులో, బస్సుల్లో పోయేవాళ్లంతా కిటికీల్లోంచి చూస్తుండగా వండుకుని, తిని, పడుకున్నాం. చీర అడ్డం కట్టుకుని స్నానం చేస్తే గాలికి ఆ చీర లేచేది. పీకేసిన గడపే మాకు పీట. దాని మీద కూర్చుని అన్నం తినేవాళ్లం, నేను దాని మీదే కచ్చకాయలు ఆడేదాన్ని, లెక్కలు చేసేదాన్ని. లోపల మోతి మాత్రం మహారాణిలా ఉండేది. గోడకున్న క్యాలెండరు తినేసింది, గూట్లో పౌడరు డబ్బా పడేసింది, మధ్యాహ్నాలు వాకిట్లోంచి తల బయటికి పెట్టి మా పళ్లేల్లో ఏముందో చూసేది. దాణా పెడితే ఒళ్లు తిమ్మిరెక్కి గెంతుతుందని డాక్టరు గడ్డి ఒక్కటే పెట్టమన్నాడు, దాంతో అది మా రొట్టెల వంక అలా చూస్తుంటే మా అమ్మ ముక్కలు దొంగతనంగా పెట్టేది.

నాకు మాత్రం చచ్చిపోవాలనిపించేది. బడి తెరిచారు. నా బట్టల్లో, జడలో, పుస్తకాల్లో గుర్రం వాసన. బెంచీ మీద నా పక్కన కూర్చునే సునీత ఒకరోజు ముక్కు మూసుకోకుండానే, మంచిగానే అడిగింది. "మీ ఇంట్ల గుర్రం పండుకుంటదట, మీరు బయట పండుకుంటరట, నిజమేనానే?" తరగతంతా నా వైపు తిరిగింది. నేను తలొంచుకుని పలకమీద సున్నాలు చుట్టాను. చెవులు మాత్రం కాలిపోతున్నాయి. మర్నాటి నుంచి సునీత అక్కడే కూర్చుంది గానీ, మధ్యలో తన సంచి పెట్టుకుంది.

అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకోటి ఉంది. మోతి కిందికి ఊక కావాలి, రోజూ తడిసింది తీసి పొడిది వేయాలి. మిల్లు ఊక ఎవరైనా తీసుకోవచ్చు, అడిగే పని లేదు. అయినా మా నాయిన మిల్లు తెరవక ముందే, వెలుగు రాకముందే పోయి గోనెసంచుల్లో నింపుకొచ్చేవాడు. దొంగలా ఎందుకు పోతావని నేనడిగితే, "సేటు నన్ను జూస్తే ఆయన మొకం చిన్నబోతది బిడ్డా. మాటిచ్చి మరిచిండు గద" అన్నాడు. అప్పటికి ఆయనకూ అర్థమైంది. సిగ్గుపడాల్సింది సేటు, కానీ ఆ సిగ్గు కూడా మా నాయినే మోస్తున్నాడు, ఊక సంచులతో పాటు. నాకు ఆ పొద్దు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడుపు వచ్చిందో. సేటు కొడుకు సాయంత్రాలు కొత్త పెళ్లాన్ని మోటారుసైకిలు మీద ఎక్కించుకుని మా ఇంటి ముందు నుంచే పోయేవాడు. మా సాయబాను వచ్చేసరికి అవతలి వైపు చూస్తూ నడిపేవాడు. మా నాయిన కూడా ఆ టైముకు లేచి లోపలికి, మోతి దగ్గరికి పోయేవాడు.

వానలు వెనకపట్టి, కట్టల మీద గునుగు తెల్లగా పూసే రోజుల్లో డాక్టరు వచ్చి కాలు తడిమి, "అతికింది" అన్నాడు. మోతి గడప లేని వాకిట్లోంచి మెల్లగా బయటికొచ్చి, ఎండలో నిలబడి, ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుంది. ఊక పొట్టు మా అందరి మీదా పడింది. మా నాయిన దాని మెడకు ముఖం ఆనించి ఏడ్చాడు, రోడ్డు మీద ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా. కాలు మీద కాయలా ఒక బుడిపె మిగిలిపోయింది. తర్వాత కూడా పెళ్లిళ్లకు పోయింది గానీ, పటాకులు కాల్చబోమని మాటిచ్చిన ఇళ్లకే. మేం మళ్లీ అర్రలోకి మారాం. నాయిన గడప తిరిగి పెడతానంటే అమ్మ "ఉండనియ్యి" అంది. గడప లేని ఇల్లని వచ్చినవాళ్లంతా అంటూనే ఉన్నారు, నేను పెళ్లై పోయేదాకా ఆ మాట పడుతూనే ఉన్నాను. ముసలిదయ్యాక మోతి వాన మొదలవుతూనే తనంతట తనే లోపలికి నడిచొచ్చేది. ఆ అర్రలోనే పోయింది. కొన్నేళ్లకు నాయినా పోయాడు. రోడ్డు వెడల్పులో ఆ ఇల్లూ పోయింది, అమ్మ నా దగ్గరికి వచ్చింది. మిల్లు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు, ఊక కుప్ప ఉన్నచోట కార్లు నిలిపే స్థలం. పెళ్లికొడుకులు ఇప్పుడు ఎక్కువగా పూలు కట్టిన కార్లలోనే వస్తారు.

అయినా ఎక్కడో ఒకటీ అరా గుర్రం మిగిలే ఉంది. పోయిన వానాకాలం ఒకరోజు, ముప్పై దాటిన మనిషి ఒకతను మా బంగారు రంగు గేటు పట్టుకుని నిలబడ్డాడు. వానలు బాగా పడుతున్నాయన్నాడు. గేటు మంచిగుందన్నాడు. సార్ ఇంట్లో ఉన్నాడా అని మా ఆయన గురించి అడిగాడు. అతని చేతుల నుంచి, గుర్రాల దెబ్బలకు పూసే పసుపూ ఆవనూనే కలిసిన వాసన వస్తోంది. అతను అడగకముందే నాకు తెలిసిపోయింది. చివరికి, పోబోతూ పోబోతూ, మరిచిపోయింది గుర్తొచ్చినట్టు అన్నాడు. "అక్కా, డీజే చప్పుడుకు బెదిరి మా గుర్రానికి కాలు దెబ్బ తాకింది. మట్టినేల అర్ర గావాలన్నడు డాక్టరు. ఊరంత తిరిగిన, అన్నీ టైల్సే. మీ ఇంట్ల ఒకటి ఉందని దవాఖానల చెప్పిండ్రు..."

పక్కింటివాళ్లు పిట్టగోడ మీదుగా చూస్తున్నారు. హాల్లో కొత్త సోఫాలు. నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వినపడింది: "ఇంట్లోవాళ్లను అడిగి చెప్తాలే."

అతని ముఖం వెలిగింది. "మంచిదక్కా, రేపొస్త" అని తిరిగాడు. ఆ వెలుగు నాకు తెలుసు. స్తంభానికి ఆనుకుని స్కూటరు చప్పుడు కోసం ఎదురుచూసిన ముఖం మీది వెలుగు అది. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"అడిగి చెప్తవా?" అని వెనక నుంచి వినిపించింది. మా అమ్మ. బొంత, దిండు, మందుల డబ్బా చంకలో పెట్టుకుని, హాలు మధ్యలో తెల్ల టైల్స్ మీద నిలబడి ఉంది. అప్పటికే అర్ర ఖాళీ చేసింది. "మరి అడుగు. ఇంట్ల ఉన్నది నేనే గద."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. చెప్పుల్లేకుండా గేటు తీసుకుని వీధి చివరిదాకా పరిగెత్తి, పేరు తెలియని ఆ మనిషిని "ఓ అన్నా, ఓ గుర్రమన్నా" అని అరిచి పిలిచాను. కాలనీ అంతా బయటికొచ్చి చూసింది. చిన్న ట్రాలీలో గుర్రం వచ్చింది, ఎర్రటిది, భయంతో కళ్లు తెల్లబడ్డది. టైల్స్ మీద కాలు జారకుండా గేటు నుంచి మా అమ్మ గది దాకా గోనెసంచులు పరిచాం. చాలక, నేను సోఫా కవర్లన్నీ లాగి పరిచాను. గుర్రం వాటి మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ నడిచి, గడప లేని ఆ గదిలోకి కాలెత్తే పని లేకుండా వెళ్లింది. మా అమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఊక సర్దుతూ, "నిదానం తల్లీ, నిదానం" అంటోంది.

తర్వాతి ఆదివారం మా స్కూలు టీచర్లు వచ్చారు. టీ ఇచ్చాను. కవర్లు లేని సోఫాలో వాళ్ల పక్కనే మా అమ్మ కూర్చుని పచ్చగడ్డి ఏరుతోంది. నా చెయ్యి అలవాటుగా ఊదుబత్తి పెట్టె దాకా పోయి వెనక్కి వచ్చింది. "ఏంది మేడం, ఏదో వాసన వస్తుంది?" అంది ఒకామె, మంచిగానే. చెవులు కాలిపోయాయి, నాలుగో తరగతి అయిపోయాక బడి తెరిచిన ఆ రోజుల్లో కాలినట్టే. ఆ సిగ్గు పోతుందనుకున్నాను, పోలేదు.

"గుర్రం" అన్నాను. "మా ఇంట్లో ఉంది."